నీరు చెక్కిన చీకటి

కొలిమిగుండ్ల దారి పట్టి పోతూ ఉంటే ఆ నేల ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంటుంది. ఒక పక్క శనగ చేలు, ఒక పక్క జొన్న చేలు, గట్ల మీద తుమ్మచెట్లు, గనుల దగ్గర దొంతర్లుగా పేర్చిన నాపబండలు. కొండ లేదు, కోన లేదు. గుహ అంటే కొండకుండే నోరని చిన్నప్పటి నుంచి అనుకున్న మనకు, ఈ చదును నేలలో గుహ ఎక్కడుంటుందని సందేహం. తీరా చూస్తే నేల మధ్య బావుల్లాంటి మూడు గుంతలు! నడిమి గుంతలోకి మెట్లు దిగుతాయి. నాలుగు మెట్లు దిగేసరికి ఎండ వెనకబడుతుంది, మరి నాలుగు దిగేసరికి గాలి మారుతుంది, ఆ పైన మెట్టుకో ఏడు చొప్పున మన వయసు తగ్గుతూ పోతుంది. బెలుం చేరాం!

రాయలసీమలో గుహను గవి అంటారు. ఎంత చిక్కని మాట! రెండే అక్షరాలు. అందులో గొర్రెల కాపరి మధ్యాహ్నపు కునుకు ఉంటుంది, ముసురు పట్టినప్పుడు తలదాచుకున్న మంద వాసన ఉంటుంది, ఏ ముత్తాతో దాచిపెట్టి పోయాడని చెప్పుకునే లంకెబిందెల తళుకు ఉంటుంది. బిలం అనండి, వెంటనే పురాణం వినిపిస్తుంది; ఆ బిలమే జనం నోట నలిగి బెలుం అయిందంటారు. నాకు రెండు మాటలూ ఇష్టమే. పైన నిలబడి తొంగి చూసినప్పుడు అది గవి. లోపలికి పోయాక బిలం.

ముందు ఆ రాతి గురించి చెప్పాలి. మన ఇళ్ళలో పరుచుకున్న కడపరాయికీ, బేతంచెర్ల నాపరాయికీ ఇది చుట్టం. నార్జి సున్నపురాయి అని భూగర్భ శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పొర మీద పొరగా, మెత్తగా, మౌనంగా పేరుకున్న సున్నపు బురదే ఈ రాయి. నీళ్ళలోనే పుట్టింది, మళ్ళీ నీళ్ళకే లొంగింది. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కాస్త పులుపు పట్టుకుని నెర్రెల్లోకి దిగింది. దిగిన చోటల్లా రాయిని పటికబెల్లంలా కరిగించుకుంటూ పోయింది. నెర్రె సందయింది, సందు దారయింది, దారి మండపమైంది. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా నాపబండ మీద వెల్లకిలా పడుకుని వీపు చల్లబరుచుకున్న వాళ్ళెవరికీ బెలుం గోడ పరాయిది కాదు. ఇంట్లో వీపు కింద పరుచుకున్న ఆ రాయే ఇక్కడ నిలువెత్తున లేచి, వంగి, తిరిగి, మన తల మీద గొడుగు పట్టింది!

బొర్రా చూసిన కళ్ళతో బెలుంని చూడకండి, ఇది నా మనవి. అనంతగిరి కొండల్లోని బొర్రా గుహలది పెట్టుపోతల అందం. అక్కడ నీరు చుక్క చుక్కగా జారి, తాను మోసుకొచ్చిన సున్నాన్ని పైనుంచి వేలాడదీసి, కింద కుప్పపోసి, స్తంభాలు కట్టి, జడలు అల్లి, ఊరేగింపు దేవుడికి చేసినట్టు అలంకారం చేసింది. చూడగానే నోరు తెరుచుకుంటుంది. బెలుంది అలాంటి సంబరం కాదు. వేలాడే రాళ్ళూ లేచే రాళ్ళూ ఇక్కడా ఉన్నాయి, కానీ నీరు ఇక్కడ పెట్టిపోయింది పిడికెడు, పట్టుకుపోయింది పుట్లకొద్దీ. ఆ పట్టుకుపోగా మిగిలిన ఖాళీయే ఇక్కడి శిల్పం. వెదురుకు గుల్లతనం వచ్చాకే కదా అందులో ఊపిరి పాటయ్యేది! 1884లోనే భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహ మాట లోకానికి చెప్పాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళకు, 1982, 83లలో జర్మనీ నుంచి వచ్చిన హెర్బర్ట్ డేనియల్ గెబావర్ బృందం టేపులు పట్టి పాకుతూ, దేకుతూ లోపలి దారులన్నీ కొలిచింది. ఇప్పుడు మనకు చెప్పే పొడవు 3,229 మీటర్లు. మూడు కిలోమీటర్లకు పైగా సాగిన వేణువు!

ఇక రండి, నాతో పాటు గోడకు అరచెయ్యి ఆనించండి. కళ్ళు మూసుకుంటే ఇంకా మంచిది. ముందు వేళ్ళకు తగిలేది నునుపు. అద్దపు నునుపు కాదు, ఏళ్ళ తరబడి చేతులు రాసుకుని అరిగిన పాత వాకిలి గడప నునుపు. కొంచెం పక్కకు జరపండి, చెయ్యి ఒక చిన్న గుంటలోకి జారుతుంది, కొబ్బరిచిప్ప లోపలి వంపులా. దాన్ని దాటితే సన్నని గట్టు, గట్టు దాటితే మరో గుంట. ఇప్పుడు వేలిగోరు దించండి: సన్నగా, అడ్డంగా, తాళపత్రాల కట్టను పక్కనుంచి తడిమినట్టు గీతలు. ఒక్కొక్క గీతా ఆ పాత సముద్రం అడుగున పేరుకున్న ఒక్కొక్క పొర. మెత్తటి పొరను నీరు ఎక్కువ తిన్నది, గట్టి పొరను తక్కువ తిన్నది. అందుకే గోడ అంతా వీణ మెట్ల మాదిరి. కళ్ళు తెరిస్తే బూడిద రంగు ఏనుగు చర్మం మీద అక్కడక్కడా తెల్లని నరాలు. గోడ మన వైపు వచ్చినట్టే వచ్చి వెనక్కు తగ్గుతుంది, తగ్గినట్టే తగ్గి తల మీదికి వంగుతుంది. ఎక్కడా ఒక మూల లేదు, ఒక కోణం లేదు, ఒక తొందర లేదు. ఉలి పట్టిన చేతికి అలసట ఉంటుంది, ఆ అలసట ఎక్కడో ఒక చోట రాతి మీద కనిపిస్తుంది. ఈ శిల్పికి అలసటే లేదు! లక్షల ఏళ్ళు ఒక్క వంపు మీదే కూర్చున్న ఓపిక, ఆ వంపు దగ్గర చెయ్యి పెట్టి నిలబడితే ఒళ్ళంతా గగుర్పాటు. చెయ్యి తీసేశాక కూడా అరచేతిలో ఆ చల్లదనం చాలాసేపు నిలిచి ఉంటుంది.

లోపల ఉక్కగానే ఉంటుంది, దాచను. దారులు ఇరుకైన చోట చెమటలు కారతాయి, కళ్ళజోడు మసకేస్తుంది. "వంగి రాండి సార్, నెత్తికి తగుల్తాది," అని ముందు నడిచే అతను ప్రతి మలుపులోనూ హెచ్చరిస్తాడు. అలా వంగి, పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి ఒక సందు దాటామో లేదో, కప్పు ఒక్కసారిగా పైకి లేస్తుంది. మండపం! ఇరుకు తర్వాత వచ్చే ఆ విశాలం వడగాడ్పు రోజు సాయంత్రం పడే మొదటి చినుకులా ఉంటుంది. బెలుం నడకంతా ఈ తాళమే: బిగింపు, విడుపు, బిగింపు, విడుపు. నడిచి చూస్తే తప్ప ఇది అందదు. బొమ్మల్లో మండపాలు కనిపిస్తాయి, వాటికి ముందున్న ఇరుకు కనిపించదు.

పేర్లు కూడా చెబుతాడతను. ఇది సింహద్వారం, ఇది ధ్యానమందిరం, ఇవి కోటిలింగాలు, ఇది ఊడలమర్రి, ఇవిగో వేయిపడగలు. విశ్వనాథవారి నవల పేరు రాతి కప్పు మీద పడగలు విప్పి కనిపించినప్పుడు తెలుగు చదువుకున్న మనసు ఉప్పొంగకుండా ఎలా ఉంటుంది! కోటిలింగాల దగ్గర పైనుంచి దిగినవీ కింది నుంచి లేచినవీ కలిసిపోయి, వేనవేల లింగాలు ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉంటాయి. ఊడలమర్రి దగ్గర నిజంగానే ఊడలు దిగుతున్నాయనిపించి చెట్టు కోసం తల పైకెత్తుతాం. ఈ పేర్లను తక్కువ చేసే వాళ్ళున్నారు, రాయి రాయే కదా అంటారు. నేను ఒప్పుకోను. చీకట్లో ఒక కొత్త ఆకారం కనిపిస్తే మనిషి తనకు తెలిసిన అతి పవిత్రమైన పేరు దానికి పెట్టుకుంటాడు. అది భయం లోంచి పుట్టిన మర్యాద, పరిచయం కోసం చాపిన చెయ్యి. కానీ పేరు విన్న వెంటనే ముందుకు సాగిపోకండి. పేరు తలుపు లాంటిది, తీసుకుని లోపలికి వెళ్ళాలి. లింగం అని దణ్ణం పెట్టుకున్నాక ఇంకో నిమిషం నిలబడితే, ఆ పోలిక కరిగిపోయి రాయి తన సొంత రూపంతో, తన సొంత గాంభీర్యంతో ఎదుట నిలుస్తుంది.

సప్తస్వరాల గుహ అని ఒకటుంది. అక్కడ వేలాడే రాళ్ళను వేళ్ళ కణుపులతో మెల్లగా తడితే మోగుతాయి. ఒకటి ఇత్తడి చెంబులా, ఒకటి గుడి గంట తాలూకు చివరి కంపంలా. స్వరం కంటే దాని తర్వాత వచ్చేది నాకిష్టం. రాతి ధ్వని గోడల వెంట పోయి, ఏ మలుపులోనో తిరిగి, ఆలస్యంగా, అలసిపోయి మన దగ్గరికే వస్తుంది. అప్పటికి మనం దాన్ని మరిచిపోయి ఉంటాం.

ఇప్పుడు అసలు మాట. ఇంత దూరం నడిచాక నేను అతన్ని అడిగాను, ఒక్క నిమిషం దీపం ఆపుతావా అని. నా మొహంలోకి ఒకసారి చూసి, "గోడ పట్టుకోండి సార్, కదలాకండి," అన్నాడు. ఆ మలుపులో ఉన్న లైటు ఆరింది. చేతిలోని టార్చీ ఆరింది. అంతే!

ఆ చీకటికి మనకు తెలిసిన చీకటితో పోలిక లేదు. అమావాస్య రాత్రిలో నక్షత్రాలుంటాయి, కరెంటు పోయిన ఇంట్లో కిటికీ ఉంటుంది, మూసిన కనురెప్పల వెనక కూడా ఎర్రటి వెచ్చదనం ఉంటుంది. ఇక్కడ కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. చెయ్యి మొహం ముందుకు తెచ్చుకున్నాను, చెయ్యి లేదు. మొదట గుండె దడదడలాడింది. తర్వాత మెల్లగా చెవులు పెద్దవయ్యాయి. ఎక్కడో ఒక చుక్క. చాలాసేపటికి ఇంకో చుక్క. నా ఊపిరి. అతని ఊపిరి. తడి మట్టి వాసన, దానికి అడుగున సున్నం వాసన, కొత్తగా వెల్ల వేసిన ఇంట్లో లాగా. ఈ గుహ పుట్టిన నాటి నుంచీ ఇలాగే ఉంది కదా, దీపం మొన్న వచ్చింది కదా అనిపించింది. సందర్శకుల కోసం బెలుంని 2002లో తెరిచారు. అంతకు ఎంతో ముందే ఈ వంపులన్నీ, ఈ పడగలన్నీ, ఈ లింగాలన్నీ ఎవరూ చూడకుండానే ఇంత అందంగా అయ్యాయి. చూసే కన్ను లేని చోట ఇంత సౌందర్యం! ఎవరి మెప్పుకోసం? ఎవరి పండగకోసం? దీపం వెలిగినప్పుడు గోడ మళ్ళీ పుట్టినట్టు కనిపించింది. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

అన్నిటికంటే లోతు పాతాళగంగ, నేల మట్టానికి 46 మీటర్ల కింద. మెట్లు దిగి పోతే సన్నని నీటి జాలు, ఏ కాలంలోనూ ఎండనిది, రాతిలోంచి వచ్చి రాతిలోకే పోతుంది. ఆ నీరు ఎక్కడో ఊరి బావిలో తేలుతుందని అక్కడి వాళ్ళ నమ్మకం. వంగి వేళ్ళు ముంచాను. నాకు రామాయణంలోని స్వయంప్రభ బిలం కథ గుర్తొచ్చింది. కిష్కింధ నుంచి సీతను వెతుకుతూ దక్షిణానికి వచ్చిన వానరులు దప్పికతో నాలుక పిడచగట్టి తూలుతుంటే, ఒక బిలం నోట్లోంచి పక్షులు బయటికి వస్తూ కనిపించాయి, రెక్కలు తడిగా! ఎంత గొప్ప కన్ను ఆదికవిది! చీకటి గుహలో నీళ్ళున్నాయని చెప్పడానికి తడిసిన రెక్క ఒక్కటి చాలింది ఆయనకు. సీమ కరువు తెలిసిన వాడు ఆ దృశ్యం చదివితే కళ్ళు చెమ్మగిల్లుతాయి. పైన నెర్రెలిచ్చిన నేల, కింద తన దారిన తాను పోయే గంగ.

బిలం అంటే మన కథల్లో ఒక లోకం ముగిసి ఇంకో లోకం మొదలయ్యే గుమ్మం. పల్నాటి యుద్ధం ముగిశాక, అంతా పోయాక, బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి నడిచి వెళ్ళిపోయాడంటారు. చనిపోయాడని అనరు, వెళ్ళాడంటారు! బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గవిలో కూర్చుని వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారంటారు. తాను కాసే అచ్చమ్మ గారి ఆవుల చుట్టూ గీత గీసి, అవి గీత దాటకుండా మేస్తుంటే ఆయన లోపల రాసుకునేవారట. ఆ పక్కనే యాగంటి. అగస్త్యుడు చెక్కించిన వేంకటేశ్వరుడి విగ్రహానికి కాలి గోరు విరిగితే, గుడికి పనికిరాకపోయిన ఆ స్వామికి గుహ చోటిచ్చిందని స్థలపురాణం. ఈ ఒక్క ముక్క కోసం యాగంటి అంటే నాకు ప్రాణం. గుడి వద్దన్న దేవుణ్ణి గవి కాదనలేదు.

కథలు ఇలా ఉంటే ఎముకల కథ ఇంకా అబ్బురం. బేతంచెర్ల దగ్గర బిల్వస్వర్గం గుహలున్నాయి, పాత పుస్తకాల్లో బిల్లసర్గం. బెలుంలా ఇవి నేల కింద దాక్కున్నవి కావు. పాత గుహల కప్పు కూలిపోగా లోతైన గండ్లు మిగిలాయి, వాటి గోడల్లో నోళ్ళు తెరుచుకున్న గవులు, అక్కడక్కడా ఆకాశం కింద వంతెనలా నిలిచిన రాతి తోరణాలు. బెలుంలో చీకటి శిల్పం, ఇక్కడ వెలుగు శిల్పం. పొద్దెక్కే కొద్దీ ఒక ఎండ పలక గోడ దిగి, నేల మీద నడిచి, ఎదుటి గోడ ఎక్కుతుంది. దాని వెనకే గబ్బిలాల కిచకిచ సద్దుమణుగుతుంది.

1884, 85లలో ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఫుట్ ఈ గవుల అడుగు మట్టి తవ్వించారు. అప్పటికి ఇరవై ఏళ్ళ ముందు, 1863లో, మద్రాసు పక్క పల్లావరంలో రాతి గొడ్డలి ఏరి భారతదేశపు ఆదిమానవుణ్ణి లోకానికి చూపించిన మనిషి ఫుట్. ఇక్కడ మట్టిలోంచి కుప్పలుగా ఎముకలు లేచాయి. లైడెక్కర్ అనే పండితుడు వాటిని చదివి, ఒక ఖడ్గమృగానికి ఏకంగా కర్నూలు పేరే పెట్టాడు, రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని! వేటలో తెచ్చినవి కొన్ని, మృగాలు ఈడ్చుకొచ్చినవి కొన్ని, గుడ్లగూబలు మింగి ఉమ్మిన ఎలుకల ఎముకలు కొన్ని, ఏదుపందులు ఏరుకొచ్చి పళ్ళకు పదును పెట్టుకున్నవి కొన్ని. ఎవరి అవసరాలు వాళ్ళవి. గవి అన్నిటినీ మెత్తటి మట్టిలో పొదువుకుని అలాగే ఉంచింది. ఎముకలనే చెక్కి మనిషి చేసుకున్న పనిముట్లూ ఆ మట్టిలోనే ఉన్నాయని ఫుట్ రాశాడు. తర్వాతి కాలంలో ఎం.ఎల్.కె. మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వి ఆ తీగను ఇంకా ముందుకు లాగారు. ముచ్చట్ల చింతమాను గవి! పురావస్తు గ్రంథాల్లో చేరినా పల్లె వాసన పోని పేరు.

2014లో మరో అధ్యయనం వచ్చింది. బిల్వస్వర్గం మట్టి పొరల్లో రెండు లక్షల ఏళ్ళ మేర దొరికిన 21 క్షీరద జాతుల్లో 20 ఇప్పటికీ ఈ ఉపఖండంలో ఎక్కడో ఒక చోట బతికే ఉన్నాయని తేల్చారు. కరువులు వచ్చాయి, కాలాలు మారాయి, అడవులు కుంచించుకుపోయి మళ్ళీ పరుచుకున్నాయి, ఆ జంతువులు మాత్రం ఈ ఉపఖండాన్ని వదలలేదు. పోయింది ఒక్కటే, గడ్డి మేసే గెలడా జాతి కోతి. దాని చుట్టాలు ఇప్పుడు ఇథియోపియా కొండల మీద మాత్రమే ఉన్నాయి. ఒకనాడు నంద్యాల గడ్డి మీద కూర్చుని పరకలు పీక్కు తిన్న ఆ మెడ జూలు కోతిని తలుచుకుంటే, చూడని చుట్టం కోసం కలిగే బెంగలాంటిది కలుగుతుంది.

అక్కడికి దాపునే, జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద సముద్రం దాటి వచ్చి ఇక్కడ పడింది. ఇప్పటికీ మట్టి కోతల్లో తెల్లటి పొరగా కనిపిస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే ముగ్గుపిండిలా మెత్తన. ఆ పొరకు కిందా రాతి పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి. ఆకాశం నుంచి బూడిద రాలిన రోజుల తర్వాత కూడా ఎవరో ఒకరు ఆ లోయలో కూర్చుని రాయి మీద రాయి కొట్టి పెచ్చులు లేపుకున్నారు. ఆ ఊరికి జ్వాలాపురం అని ఎవరు పేరు పెట్టారో, ఏ జ్వాల తలుచుకుని పెట్టారో!

బెలుంకి వెళితే పొద్దున్నే వెళ్ళండి, జనం చేరకముందు. నీళ్ళసీసా ఒకటి, చెమట తుడుచుకునే తువ్వాలు ఒకటి చాలు. గోడ తాకండి, చుక్కలు రాలుతున్న రాళ్ళను మాత్రం తాకకండి, అవి ఇంకా పెరుగుతున్నాయి. మీ పేరు, మీకు ఇష్టమైన వాళ్ళ పేరు ఆ రాతి మీద గీకకండి. పాతాళగంగ దాకా దిగాక, మీతో వచ్చిన మనిషిని బతిమాలి అయినా సరే, ఒక్క నిమిషం దీపం ఆపించుకోండి.